శివగోత్రం పోలీసు బాబు

ప్రయాణం సాఫీగా సాగితే మనవాళ్ళకి చెప్పుకోడానికేమీ ఉండదండీ. ‘ఎక్కాం, దిగాం’, అంతే. బండి ఎక్కడో ఆగిపోవాలి, గంటలకు గంటలు రోడ్డు మీద పడుండాలి. అప్పుడు చూడండి, ఇంటికొచ్చాక వారం రోజులు అరుగు మీద అదే కథ. ఆ కథ ఎన్ని తిట్లతో మొదలైనా, చివరికొచ్చేసరికి ‘ఏదో దేవుడి దయవల్ల బయటపడ్డాం’ అనే అంటారు. అంతసేపు తిట్టింది ఎవరినో, దణ్ణం పెట్టింది ఎవరికో!

మా అద్దంకి వైపు వాళ్ళం హైదరాబాదు నుంచి రావాలంటే నార్కెట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలేసి మిర్యాలగూడ మీదుగా దిగుతాం. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పొందుగుల. అక్కణ్ణించి మనదే. దాచేపల్లి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, నరసరావుపేట, సంతమాగులూరు. మాఘ ఫాల్గుణాల్లో వచ్చారంటే పత్తి అయిపోవచ్చి, కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటాయి. గుంటూరు యార్డుకి టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, వేసుకుపోయే లారీ వెనక పడ్డారా, ఇక తుమ్ములే తుమ్ములు. శివరాత్రి ముందైతే కోటప్పకొండకి ప్రభలు కదులుతాయి. ఎనభై తొంభై అడుగుల ప్రభ రోడ్డెక్కిందంటే కరెంటు తీయాల్సిందే, మీ బస్సు ఆగాల్సిందే. అప్పుడు ఎవరైనా హారన్ కొట్టారంటే వాళ్ళది మన ప్రాంతం కాదన్నమాట.

ఇవన్నీ ముద్దు ఇబ్బందులు. అసలు ఇబ్బంది 2020లో వచ్చింది. మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్, తెల్లారితే శార్వరి ఉగాది. హైదరాబాదులో హాస్టళ్ళు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు వరసకట్టారు. ఊరెళ్ళొచ్చని అక్కడ కాగితాలిచ్చారు. ఆ కాగితం పట్టుకుని బైకుల మీదా కార్లలోనూ సరిహద్దుకొచ్చేసరికి, అటు జగ్గయ్యపేట దగ్గర గరికపాడులోనూ ఇటు పొందుగులలోనూ ఆపేశారు. ఇవతలికి రావాలంటే పద్నాలుగు రోజులు క్వారంటైన్లో ఉండాలన్నారు. వెనక్కి పోతే హాస్టల్ తాళం. ముందుకి పోతే పోలీసు లాఠీ. మధ్యలో కృష్ణానది.

ఆ గుంపులో మా పెదనాన్నగారి మనవడు కూడా ఉన్నాడు. ‘బాబాయ్, మన ఊరు కనపడేంత దగ్గర్లో ఉన్నా’ అని ఒకసారి ఫోన్ చేశాడు. కనపడటమేమిటి, ఇంకా వంద కిలోమీటర్ల పైమాటే! తర్వాత ఫోన్ చచ్చిపోయింది. వాళ్ళమ్మ, అంటే మా వదిన, దేవుడి గూటి ముందు కూర్చుని కోటప్పకొండకి మొక్కేసుకుంది. చీకటి పడ్డాక మళ్ళీ మోగింది. వాణ్ణి పొద్దుటినుంచీ అడుగు ముందుకెయ్యనివ్వని కానిస్టేబులే, వాడి ఫోన్ తన టెంటులో చార్జింగు పెట్టించాడట. ‘ముందు మీ అమ్మతో మాట్లాడు, తర్వాత నాతో పోట్లాడుదువుగాని’ అన్నాడట. తన డ్యూటీ భోజనం పొట్లంలో సగం పెట్టాడు. దారి మాత్రం వదల్లేదు. మర్నాడు క్వారంటైన్‌కి పంపారు.

ఇది విన్నప్పుడల్లా నాకు వాడపల్లి గుర్తొస్తుంది. ఆ వంతెనకి అవతలే కదా, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట రెండు గుళ్ళున్నాయి. నరసింహస్వామి గుళ్ళో స్వామి ముక్కు ఎత్తున పెట్టిన దీపం ఊపిరి తగిలినట్టు కదులుతుందనీ, కిందది నిశ్చలంగా ఉంటుందనీ చెబుతారు. చాలామంది అదొక్కటీ చూసి బస్సెక్కేస్తారు. నాకు మాత్రం పక్కనున్న అగస్త్యేశ్వరుడి కథ ఇష్టం. ఒక బోయవాడు తరుముతుంటే పిట్ట వచ్చి శివుడి చాటున దాక్కుందట. పిట్టని ఇవ్వనన్నాడు స్వామి. మరి నా ఆకలో అన్నాడు బోయ. అయితే నా తలలో మాంసం తీసుకో అన్నాడట. ఆ వేళ్ళ గుర్తులు లింగం మీద ఉన్నాయనీ, గాయం కడగడానికి గంగే వచ్చిందనీ, ఆ గుంటలో నీళ్ళెప్పుడూ ఇంకవనీ అంటారు. పిట్టని కాపాడిన దేవుళ్ళు మనకి చాలామందే ఉన్నారు. బోయవాడి ఆకలినీ లెక్కలో వేసుకున్న దేవుడు సరిగ్గా ఆ రేవులోనే ఉండటం చూడండి! ఆ రోజున వంతెనకి ఇవతల ఇంటికి పోవాలన్న పిల్లలది న్యాయమే, ఊళ్ళోకి జబ్బు రాకూడదన్న పోలీసులదీ న్యాయమే.

మా వదిన మొక్కు తీరడానికి కొన్నాళ్ళు పట్టింది. జూన్ 8న గుళ్ళు తెరిచేదాకా స్వామికీ లాక్‌డౌనే మరి. కొండెక్కాక పూజారిగారు పేరూ గోత్రం అడిగారు. కొడుకు పేరు చెప్పింది. ‘ఇంకొకరున్నారండీ, పోలీసు బాబు’ అంది. పేరు? తెలీదు. గోత్రం? అదీ తెలీదు. గోత్రం తెలియనివాళ్ళకి శివగోత్రమేగా అని ఆయనే అనేసి, పోలీసు బాబు పేరున అర్చన చేశారు. అప్పట్నుంచి కొండకి వెళ్ళినప్పుడల్లా ఇదే వరస.

దేవుడితోపాటు దారిలో మనుషుల్నీ తలచుకోవడం కాశీయాత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి పద్ధతి కూడా. 1830 మేలో మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. జరిగిన ప్రతిదానికీ ఈశ్వరుడే కర్త అంటూనే, ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, నీడ ఎక్కడుందో, తనని మోసుకెళ్ళే బోయీల అవస్థేమిటో కూడా రాసిపెట్టారు.

అయితే ఒక సంగతి నన్ను పీకుతూనే ఉంటుంది. అదే ఉగాదికి ఇంటికి పోవాలనుకున్నవాళ్ళు ఇంకొందరున్నారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా పిల్లాజెల్లాతో వలసొచ్చి మా చేలల్లో గుడారాలేసుకుని మిరపకాయ కోసేవాళ్ళు. వాళ్ళ దగ్గర కాగితాలు లేవు, బైకులు లేవు. పని అయిపోయాక కూడా వారాల తరబడి చేల గట్ల మీదే చిక్కుకుపోయారు. వాళ్ళతో ‘ప్రాణాలతో ఉన్నారు, దేవుడికి దణ్ణం పెట్టుకోండి’ అనడానికి నాకైతే నోరు రాదు. ఒక్కో కాయా చేత్తో తెంపితేనే కదా మన టిక్కీ నిండేది. దణ్ణం పెట్టాల్సింది మనం.

ఈ మాటే మొన్న మా వదినతో అన్నాను, ఈసారి అర్చనలో వాళ్ళనీ చేర్పించమని. శివగోత్రంలో చోటుకేం తక్కువ?

‘చెప్పొచ్చావులే మరిదీ. ముందు కిలోకి ఇంకో రూపాయి కూలి పెంచు, అర్చన సంగతి నేను చూసుకుంటా’ అంది.

ఈ ఏడు కాయ ధర ఎలా ఉంటుందో చూసి చెప్తానన్నాను.