నెమ్మదిగా తోలితేనే వచ్చే కుదుపు



మన సంఘం కారు సంగతి మీలో చాలామందికి తెలుసు. మనం కొనేనాటికే ఇద్దరి చేతులు మారిన బండి. ఎక్సలేటర్ తొక్కితే తీగ లాగే పాత రకం. దానికి ఎంత ఖర్చు పెట్టామో లెక్కలు రాసే సంఘ పెద్దగారికి నాకన్నా బాగా తెలుసు. అయినా అమ్మెయ్యమని ఎవరూ అనరు. సోమవారం, గురువారం మన పెద్దమ్మగారిని డయాలసిస్‌కి నరసరావుపేట తీసుకెళ్ళి తీసుకొచ్చేది అదే మరి.

దాన్ని తోలేది మన యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు. పేరు రాయను. క్రిస్మస్ అయిన కొత్తలో ఒకరోజు వచ్చి, "అయ్యగారూ, బండి మిస్సింగ్ కొడతా ఉంది" అన్నాడు. నలభైలో పోతుంటే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు ఆగి, మళ్ళీ ముందుకు దూకుతోందట. నేను తాళాలు తీసుకుని వినుకొండ దాకా పోయి వచ్చాను. ఒక్క కుదుపు లేదు.

ప్లగ్గులు మార్పించాం. పెట్రోల్ ఫిల్టర్ మార్పించాం. పెట్రోల్‌లో నీళ్ళు కలిశాయేమోనని ట్యాంకు కూడా దింపించాం. అతను తోలితే కుదుపు, నేను తోలితే లేదు. మూడోసారి కూడా అలాగే జరిగేసరికి నాకు లెక్క తేలిపోయింది అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో పదిమంది ఉండగా, "బండిలో ఏం లేదయ్యా, క్లచ్ మీద కాలు పెట్టడం రానివాళ్ళకి ఏ బండి ఇచ్చినా అంతే" అనేశాను. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. తాళాలు పుల్పిట్ పక్కనున్న బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సోమవారం నుంచి నేనే తోలాను.

రెండు వారాలు బాగానే నడిచింది. పెద్దమ్మగారు మాత్రం పైనున్న పిడి పట్టుకుని కూర్చునేవారు. ఒకసారి అద్దంలో నన్ను చూసి, "వాడైతే మెల్లగా తోలేవాడు అయ్యగారూ, నాకు ఒళ్ళు తిప్పుతుందని" అన్నారు. విన్నాను, ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో మన రోడ్డు మీద మిర్చి టిక్కీల ట్రాక్టర్లు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా! ఒక గురువారం సాయంత్రం తిరిగొస్తూ అలాంటి ట్రాక్టరు వెనక ఇరుక్కున్నాను. దాటడానికి లేదు. కాలు అలా ఆనించి నెమ్మదిగా పోనిస్తున్నాను. అప్పుడు లాగింది. ఒకసారి, రెండుసార్లు, ఆపైన వరసగా. చివరికి రోడ్డు మధ్యలో బండి ఆగిపోయింది. వెనక లారీ హారన్. పెద్దమ్మగారి నుదురు ముందు సీటుకు తగిలింది. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి వస్తున్న మనిషి. ఆమె ఏమీ అనలేదు. చెయ్యి వణుకుతుంటే కొంగుతో తుడుచుకున్నారు.

మర్నాడు బండిని వినుకొండలో పాతకాలపు మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. అందరూ భాయ్ అంటారు. ఆయన ప్లగ్గులు చూడలేదు, పెట్రోల్ చూడలేదు. "ఎంత స్పీడులో లాగుతుంది సార్? కాలు ఎంత తొక్కినప్పుడు?" అని అడిగాడు. ఈ రెండో ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. నేనూ ఆ తమ్ముణ్ణి అడగలేదు.

ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. మనం ఎక్సలేటర్ తొక్కితే తెరుచుకునేది అదే. అది ఎంత తెరుచుకుందో కంప్యూటర్‌కి చెప్పడానికి పక్కన చిన్న నల్ల డబ్బా, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. మూడు వైర్లు. ఒకదాంట్లో 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్త్, మూడోది కబురు పంపేది. తలుపు మూసి ఉంటే అర వోల్టు చుట్టుపక్కల, పూర్తిగా తెరిస్తే నాలుగు, నాలుగున్నర. లోపల కార్బన్ పట్టీ మీద చిన్న ముల్లు జారుతూ ఉంటుంది, పాత రేడియోలో వాల్యూమ్ మీటలాగా. ఆ రేడియో మీట అరిగితే ఒకచోట గరగరమంటుంది చూడండి, ఇదీ అంతే.

భాయ్ సూది మీటర్ తెచ్చాడు. అంకెల మీటర్‌లో ఇంత చిన్న తడబాటు పట్టుబడకపోవచ్చు, సూది అయితే దాచదు అన్నాడు. ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి, తలుపును వేలితో వెంట్రుకంత వెంట్రుకంత తెరిచాడు. సూది మెల్లగా లేస్తోంది. ఒకచోట టక్కున పడిపోయి మళ్ళీ లేచింది. వెనక్కి తెచ్చి మళ్ళీ తెరిచాడు. అదే చోటు.

"కాలు ఎక్కువసేపు ఉండే చోటే అరుగుతుంది సార్. అక్కడికి రాగానే కంప్యూటర్‌కి సున్నా కనబడుతుంది. డ్రైవర్ కాలు తీసేశాడనుకుని పెట్రోల్ ఆపుతుంది. మళ్ళీ కబురు రాగానే వదులుతుంది. అదే మీ కుదుపు. గట్టిగా తొక్కేవాళ్ళకి తెలియదు, ఆ చోటు దాటిపోతారు కదా."

నేను అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయాను. సెమినరీలో డిప్లొమా తీసుకున్నాను, ఒక వాక్యం ముందూ వెనకా చూడకుండా అర్థం చెప్పకూడదని నేర్చుకున్నాను, ఇతరులకు నేర్పాను కూడా. అతను పెద్దమ్మగారి కోసం కాలు సుతారంగా ఆనించి తోలాడు కాబట్టే కుదుపు అతనికి దొరికింది. నేను తొందరపడి తోలాను కాబట్టి నాకు దొరకలేదు. దాన్ని నేను అతని చేతకానితనం కింద రాశాను.

సెన్సర్ వినుకొండలో లేదు. విజయవాడ ఆటోనగర్‌కి బస్సెక్కి తెచ్చుకున్నాను. బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లగ్ ఊడదీసి, రెండు స్క్రూలు విప్పడమే పని. అందులో ఒకటి తుప్పుపట్టి మొరాయించింది. స్ప్రే కొట్టి అరగంట ఆగి, బిట్ మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే వదిలింది. పాతది కూర్చున్న చోట భాయ్ ముందే గీత గీసిపెట్టుకున్నాడు. ఈ రకం సెన్సర్ స్క్రూ రంధ్రాలు కోలగా ఉంటాయి, కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. అందుకని మూసిన తలుపు దగ్గర వోల్టు సరిచూసుకుంటూ బిగించాలి. బిగించాక మళ్ళీ సూది పెట్టాడు. ఎక్కడా పడకుండా పైదాకా లేచింది.

ఆదివారం అదే వరండాలో, అదే పదిమంది ముందు జరిగింది చెప్పి, తమ్ముణ్ణి క్షమించమని అడిగాను. పాత సెన్సర్ జేబులోంచి తీసి చూపించాను. అతను దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో అటూ ఇటూ తిప్పాడు. "మెకానిక్ చెప్పకపోతే నా మాట నమ్మేవాళ్ళా అయ్యగారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

సోమవారం రాలేదు. గురువారం తెల్లవారుజామున వచ్చి, మేకుకున్న తాళాలు తీసుకుని, అద్దం తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. నలభై దాటనివ్వలేదు. పెద్దమ్మగారు పిడి పట్టుకోలేదు, సంతగుడిపాడు దాటకముందే నిద్రపోయారు. ఇప్పుడు రెండు రోజులూ అతనే తోలుతున్నాడు. ఇదివరకు బండి పెట్టాక మా ఇంట్లో టీ తాగి వెళ్ళేవాడు. ఈమధ్య తాళాలు మేకుకు తగిలించి, గడప దగ్గర నుంచే వెళ్ళిపోతున్నాడు. మా ఆవిడ మాత్రం ఆ రెండు రోజులూ ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువే పోస్తోంది టీకి.