'చాలు' అనిపించని చేతులు

విజయవాడ సూర్యారావుపేటలో గడపకో ఆసుపత్రి. ఓ సందు చివర, మందుల షాపు మీది అంతస్తులో ఉన్న మానసిక వైద్యశాలకి మొన్న మంగళవారం వెళ్లాను. అతిశుభ్రం జబ్బుకి చేసే చికిత్సని దగ్గరగా చూడాలని నా కోరిక. రోగి, ఆమె భర్త సరేనన్నాకే డాక్టరుగారు లోపల కూర్చోనిచ్చారు. పేరూ ఊరూ రాయకూడదన్నది షరతు.

ఆమెకి నలభై ఏళ్లుంటాయి. ముందు నా కంటపడ్డవి చేతులే. సున్నం తిన్నట్టు తెల్లగా పాలిపోయి, వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. రోజుకో సబ్బు అరిగిపోతుందట. స్నానానికి రెండు గంటలు. మధ్యలో లెక్క తప్పిందేమోనన్న అనుమానం వస్తే మళ్లీ మొదటి చెంబు నుంచీ మొదలు.

"మురికి లేదని కళ్లకి తెలుస్తూనే ఉంటుందండీ. మనసే ఒప్పుకోదు," అంది.

మా పెద్దమ్మా ఇంతే. కుళాయి తిప్పితే చేతికి అంటుకుంటుందని, చెంబుతో నీళ్లు పోసే పని చిన్నప్పుడు నాకు అప్పజెప్పింది. "పోయిందంటావా?" అనేది. "పోయింది పెద్దమ్మా" అనేవాణ్ణి. పది చెంబులకి పదిసార్లు. ఇంట్లో అందరం దాన్ని మడి అనీ, చాదస్తమనీ అనుకున్నాం.

ఆ మాటే అంటే డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "మడికి ముగింపు ఉందండీ. మడిబట్ట కట్టుకుంటారు, వండుతారు, నైవేద్యం పెడతారు, భోంచేస్తారు, అయిపోయింది. ఈ జబ్బులో ఆ 'చాలు' రాదు."

వైద్యుల భాషలో ఇది ఓసీడీ. నూటికి ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వద్దన్నా ఓ ఆలోచన వచ్చి భయపెడుతుంది. కడిగితే భయం తగ్గుతుంది, కానీ కాసేపే. కడగబట్టే గండం గడిచిందని మెదడు నమ్ముతుంది, మర్నాడు ఇంకో చెంబు ఎక్కువ అడుగుతుంది.

చికిత్స ఆ నమ్మకం మీదే. ఆమె భయాలన్నీ మెట్లుమెట్లుగా రాసి, ఒక్కోదానికి వందకి ఇన్నని అంకె వేశారు. తలుపు గడియ ముప్ఫై, చెప్పు డెబ్భై, మెట్ల రెయిలింగు ఎనభై. ఆ రోజు వంతు చెప్పుది. థెరపిస్టు అమ్మాయి ముందు తను తన చెప్పు అడుగు తాకి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఆమె తాకింది. గోరింటాకు పెట్టుకున్నట్టు వేళ్లు విడదీసి, చేతిని దేనికీ తగలనివ్వకుండా కూర్చుంది.

"ఇప్పుడెంతమ్మా?"

"ఎనభై అయిదు. ఏం కాదు కదండీ?"

అమ్మాయి జవాబు చెప్పలేదు. 'ఏం కాదు' అన్న భరోసా కూడా ఓ చెంబెడు నీళ్లే అని తర్వాత నాకు వివరించింది. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఐదు నిమిషాలకోసారి అదే ప్రశ్న. ఎనభై అయిదు, ఎనభై, అరవై. కడగకుండానే భయం దిగుతుందని చేతులకి అనుభవంలోకి రావాలి.

ఈ పద్ధతికి దారి వేసింది లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త. 1966లో ఆయన రాసిన వ్యాసంలో కడిగే జబ్బున్న రోగి గురించి ఉంది. ఆమె గదికి నీళ్లే రాకుండా కట్టేశారు. ఇప్పుడు ఆ బలవంతం లేదు. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో రోగీ థెరపిస్టూ కలిసి అనుకుంటారు.

భర్త మెల్లగా అందుకున్నాడు. "గొడవెందుకని వాకిట్లోనే బట్టలు మార్చుకుని లోపలికెళ్లేవాణ్ణండీ. పిల్లల పుస్తకాలు కూడా తుడిచేవాణ్ణి." ఇంటిల్లిపాదీ అలా సర్దుకుపోయేకొద్దీ జబ్బు వేళ్లూనుకుంటుందట. అలాగని ఒక్కసారిగా అన్నీ మానేయడమూ తప్పే. వారానికొకటి చొప్పున, ఆమెకి ముందే చెప్పి మానుకుంటున్నాడు.

మందులూ ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు కంటే తరచూ ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే పనిచేయలేదని మానేసేవాళ్లే ఎక్కువని డాక్టరుగారి బాధ. ఎవర్ని అడగాలో తెలియనివాళ్లకి టెలి మానస్ అనే సహాయవాణి ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

లేచేముందు ఆఖరిసారి అంకె అడిగారు. "నలభై," అంది. సున్నా కాలేదు. ఆ నలభైతోనే ఇంటికి వెళ్లాలి.

మెట్ల దగ్గర భర్త చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయింది. శానిటైజర్ సీసా సగం పైకొచ్చింది. ఆమె దానికేసి చూసింది. ఆయన దాన్ని లోపలికి తోసి జిప్పు లాగేశాడు. ఇద్దరూ మాట్లాడకుండా దిగారు. రెయిలింగు మాత్రం ఆమె పట్టుకోలేదు. దాని వంతు ఇంకా రాలేదు.