వానలో వచ్చినవాడు

పాఠం చెప్పేవాడికి వినేవాళ్ళు తక్కువైతే ఎంత చిరాకో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. కంప్యూటరు పాఠాలు చెప్పే గదిలో నిలబడడానికి చోటుండదు. తెలుగు ఎం.ఏ. చదివి, ఆ తెలుగే చెప్పుకుంటున్న నా గదిలో మాత్రం బెంచీలకు కావలసినంత విశ్రాంతి! ఈ చిరాకుకు మందు స్పెయిన్ దేశంలో, ఒక కొండమీది పల్లె చర్చిలో దొరికిందంటే మీరు నవ్వుతారేమో. నవ్వినా సరే, చెబుతాను.

కిందటి వేసవిలో మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు రమ్మంటే వెళ్ళాను. "మామయ్యా, తిరుపతి కొండ నడిచి ఎక్కినవాడివి. ఇక్కడా ఒక కొండ ఎక్కిస్తాను పద" అన్నాడు.

స్పెయిన్‌కు వాయవ్య మూల గలీషియా సీమలో సంతియాగో నగరం ఉంది. ఏసుక్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి అక్కడ ఉందని నమ్మిక. వెయ్యేళ్ళకు పైగా యూరప్ నలుమూలల నుంచీ జనం అక్కడికి నడిచి వస్తున్నారు. ఫ్రాన్సు వైపు నుంచి వచ్చే దారిలో, గలీషియాలో కాలు పెట్టగానే తగిలే మొదటి ఊరు ఓ సెబ్రెయిరో. ఎత్తు సుమారు 1,300 మీటర్లు.

లాస్ ఎర్రెరియాస్ అనే పల్లె నుంచి 8 కిలోమీటర్లు ఎక్కాం. సగం దూరం చెట్ల నీడ. ఆ పైన బోడి కొండ, కమ్ముకున్న పొగమంచు. దారి తప్పుతామేమోనని నా బెంగ. మావాడు నిశ్చింతగా రాళ్ళమీద పసుపుపచ్చ బాణం గుర్తులు చూపిస్తూ నడిచాడు.

పైన గడ్డికప్పుల గుండ్రటి ఇళ్ళు కొన్ని. వాటి మధ్య పలకరాతి కప్పుతో, పొట్టి గంటగోపురంతో మరియమ్మ చర్చి. మొదట కట్టింది తొమ్మిదో శతాబ్దంలో అంటారు. 1960లలో బాగుచేశారు. లోపల అద్దాల వెనక 12వ శతాబ్దం నాటి పూజాపాత్ర ఒకటుంది. దాని కథ మావాడు చెప్పాడు.

సుమారు 1300 ప్రాంతంలో, మంచుతుఫాను కొడుతున్న ఒకరోజు, కొండ దిగువ పల్లె నుంచి ఒక రైతు పూజకు వచ్చాడట. వచ్చినవాడు అతడొక్కడే. అప్పటికే విశ్వాసం సన్నగిల్లిన ఫాదరీ, పిసరంత రొట్టె కోసం, గుక్కెడు ద్రాక్షారసం కోసం ఇంత తుఫానులో వస్తాడా వెర్రివాడు అని మనసులో ఈసడించుకున్నాడు. అంతలో రొట్టె మాంసమైంది, రసం రక్తమైంది! 1486లో ఇసబెల్లా రాణి, ఫెర్డినాండ్ రాజు ఇక్కడికి వచ్చి ఆ మహిమను దర్శించుకున్నారు.

మహిమ సంగతి అలా ఉంచండి. ఆ ఫాదరీ మాట విని నా గుండె గతుక్కుమన్నది.

నాలుగేళ్ళ కిందట శ్రావణమాసంలో కుండపోత వాన. క్లాసుకు ఒక్క కుర్రవాడు వచ్చాడు. 12 కిలోమీటర్లు సైకిలు తొక్కి, తడిసి ముద్దై, పుస్తకం మాత్రం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా పెట్టుకుని వచ్చాడు. "ఒక్క పద్యం కోసం ఇంత వానలో వచ్చావటయ్యా!" అని నవ్వి, హాజరుపట్టీ మూసేశాను. "పోనీలెండి సార్" అని వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి సంవత్సరం చదువు మానేశాడని విన్నాను. ఎందుకని నేను అడగలేదు.

చర్చి బయట ఒక విగ్రహం ఉంది. అది డాన్ ఎలియాస్ వలీన్యాది. 1959 నుంచి ఈ చర్చికి ఫాదరీ ఆయనే. ఆనాటికి ఈ దారిని జనం దాదాపు మరచిపోయారు. ఆయన దాని చరిత్ర తవ్వి డాక్టరేటు సంపాదించారు. 1984లో కారులో పసుపురంగు డబ్బాలు వేసుకుని, పిరనీస్ పర్వతాల దగ్గర నుంచీ దారి పొడుగునా బాణాలు గీశారు. ఏమిటీ పని అని అక్కడి పోలీసులు నిలదీస్తే, ఫ్రాన్సు నుంచి పెద్ద దండయాత్రకు ఏర్పాట్లు చేస్తున్నానన్నారట!

1986లో సంతియాగో చేరి యాత్రాపత్రం పుచ్చుకున్నవాళ్ళు కొద్దిమందే. 2023లో 4,40,000కు పైచిలుకు. ఆ జనసముద్రం చూడకుండానే ఆయన 1989లో కన్నుమూశారు. జనం వచ్చాక గీద్దామని కూర్చుంటే బాణాలూ ఉండేవి కావు, జనమూ వచ్చేవారు కాదు.

ఒక చర్చి, ఇద్దరు ఫాదరీలు. నేను ఎవరి జట్టో నాకు చెప్పనక్కర లేకపోయింది.

ఇంటికి వచ్చిన వారానికి పాత పట్టీలు వెతికి ఆ కుర్రవాడి ఊరు వెళ్ళాను. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాడు. గబగబా లేచి కుర్చీ వేసి, టీ తెప్పించాడు. క్షమాపణ చెప్పుకుందామనుకున్న మాట గొంతు దాటలేదు. "పరీక్షలకు ప్రైవేటుగా కట్టవయ్యా, ఆదివారాలు నేను చెబుతాను" అని మాత్రం అన్నాను. నా మొహంలోకి కాసేపు చూసి, "వీలు చూసుకుని వస్తాను సార్" అన్నాడు.

రేపే ఆదివారం. ఉదయం నుంచీ ముసురు పట్టింది. వస్తాడో రాడో తెలియదు. వరండాలో ఇంకో కుర్చీ మాత్రం వేసి ఉంచాను.