కోరుట్ల నుంచి ఆరుట్లకు

మంచాల, 5 నవంబరు 2024, మంగళవారం రాత్రి

బాపూ,

మంచాల నుంచి ఉత్తరం అనగానే బిడ్డ మంచాన పడ్డదేమోనని గాబరా పడకు. ఊరి పేరే అది. పల్నాటి కథలోని మాంచాలకూ ఈ ఊరికీ ఏమన్నా చుట్టరికం ఉందా అని కిరాణం కొట్టాయనను అడిగితే, "గవన్నీ నాకెర్కలేదు బిడ్డా, పాలపాకిట్లు ఎన్ని గావాలె" అన్నాడు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో నువ్వు "తిన్నవా" అంటావు, నేను "తిన్న" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. పోయినేడు ఎమ్మెస్సీ మానేసినప్పటి నుంచీ మన ముచ్చట అంతకు మించి సాగింది లేదు. ఉత్తరమైతే నడుమ నువ్వు "గీ టీటీసీ ఏందే" అని అడ్డం రావడానికి వీలుండదు. దాన్ని ఇప్పుడు డీఈడీ అంటారని నీకు పదిసార్లు చెప్పాను. అయినా నీ కాలంలో టీటీసీ చేసినవాళ్లంతా పంతుళ్లయ్యారు కాబట్టి నీ పేరే బాగుంది.

దీపావళికి వచ్చి తిరిగి పోయేనాడు బస్టాండులో నా సంచీ పైకి అందిస్తూ, ఆడవాళ్లకు టికెట్టు లేదని తెలిసి కూడా "పైసలున్నయా, ఆధార్ కార్డు ఉన్నదా" అని మూడుసార్లు అడిగావు. ఎమ్మెస్సీ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు నెమ్మది అయ్యేది.

కోరుట్లలో ఎక్కి జేబీఎస్‌లో దిగాను. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, అక్కడ మారి ఎల్‌బీ నగర్, మళ్లీ సాగర్ రోడ్డు బస్సు. తుర్కయంజాల్ దాటాక రోడ్డుకు రెండు దిక్కులా వెంచర్ల బోర్డులు, సున్నం పూసిన హద్దురాళ్లు. పంట కంటే రాళ్లే ఒత్తుగా మొలిచాయి. ఇబ్రహీంపట్నంలో దిగి మరో బస్సు పట్టుకుంటే మంచాల. పట్నం పేరులో ఉన్న ఇబ్రహీం 1550 నుంచి 1580 దాకా గోలకొండను ఏలిన కులీ కుతుబ్‌షా. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఇదంతా కాలేజీలో బిట్లకోసం బట్టీ పట్టిందే. బస్సు కిటికీలోంచి చెరువు దిక్కు చూస్తుంటే మాత్రం, తెలుగు పద్యం విని తలూపిన రాజు ఊరి మీదుగా పోతున్నానని మొదటిసారి తట్టింది. బిట్టుకు నాలుగు జవాబులుంటాయి కానీ తలూపిన రాజు అందులో ఉండడు.

ఇంటావిడ ముసలామె. గది చిన్నది, కరెంటు ఉంది, నీళ్లు ఉన్నాయి. అమ్మకు చెప్పు.

మంచాల, 11 నవంబరు, సోమవారం

బాపూ,

ట్రైనింగులో భాగంగా నాకు పడ్డ బడి ఆరుట్ల దిక్కు. పొద్దుగాల షేరింగ్ ఆటోలో పోతాను. ఇద్దరు సార్లు, ఐదు తరగతులు, రెండు గదులు, ఒక వేపచెట్టు. కోరుట్ల నుంచి వచ్చి ఆరుట్లలో పడ్డానని చెబితే పెద్దసారు నవ్వి, "ఒక్క అక్షరమే గదమ్మా మార్పు" అన్నాడు.

6వ తేదీ నుంచి ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. లెక్క రాసేది ఈ బడిపంతుళ్లే కాబట్టి ప్రాథమిక పాఠశాలలన్నీ ఒక్కపూటే. అన్నం తిన్నాక సార్లు ఫారాల కట్టలు చంకన పెట్టుకుని ఊళ్లోకి పోతారు. పిల్లలు ఇంటికి పోవాలి. పోరు. అమ్మానాన్నలు పత్తి ఏరడానికి పోయి ఉంటారు, ఇంటికి పోయి చేసేదేముంది? వేపచెట్టు కింద నా చుట్టూ చేరతారు. నా దగ్గర చాక్‌పీసు తప్ప ఏమీ లేదు. బీరువాలో కథల పుస్తకాలున్నాయని తెలిసి పెద్దసారును తాళం చెవి అడిగాను. "చింపుతరమ్మా" అంటూనే ఇచ్చాడు. తీసి చూస్తే అరవై డెబ్బై బొమ్మల పుస్తకాలు, కొన్నింటి పేజీలు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. ఒక్కటి కూడా చిరగలేదు. తాళం అంత బాగా కాపాడింది.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి. సిగ్గుగానే ఉంది. మొదటి రోజు కథ చదువుతుంటే నాకు చదవడం రాలేదు బాపూ. అక్షరాలు వస్తాయి, గొంతు వస్తుంది. కానీ కన్ను వాక్యం మీద నిలవదు. ఇందులో అడిగేదేముంది, గీత ఎక్కడ గీయాలి అని ముందుకు ఉరుకుతుంది. డిగ్రీ మూడేళ్లు, యూనివర్సిటీ ఒక ఏడాది, మొత్తం నాలుగేళ్లలో నేను చివరిదాకా చదివిన పుస్తకం ఒక్కటి లేదు. మెటీరియల్ చదివాను. జిరాక్సు కాగితాలు, ఫోన్లో పీడీఎఫ్‌లు, పోయినేటి ప్రశ్నపత్రాలు. నువ్వు అందరికీ "మా బిడ్డ బాగ చదువుతది" అని చెప్పుకునేవాడివి, నేనేమో చదవడమే మరిచిపోయి కూర్చున్నాను. ఎమ్మెస్సీ ఎందుకు మానేశావని నువ్వు పైకి అడగవు కానీ, జవాబులో సగం ఇది. తక్కిన సగం నాకూ సరిగ్గా తెలియదు.

నౌకరీ లెక్క వేసుకుని వచ్చానని నువ్వనుకుంటున్నావు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ చెల్లదు, డీఈడీయే ఉండాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న చెప్పింది. నేను డీఈడీ ప్రవేశానికి డీఈఈసెట్ రాసింది అంతకుముందే. మొన్నటి డీఎస్సీలో 11,062 పోస్టులుంటే 6,508 చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీలే అని తర్వాత నువ్వే పేపర్లో చూసి చెప్పావు. అదృష్టం కలిసొచ్చిందను, తెలివి అనకు.

చదివే సంగతికి వస్తాను. నీ దుబాయి ఉత్తరాలు గుర్తున్నాయా? నేను పుట్టకముందువి. నాకు అక్షరాలు కూడుకోవడం రాగానే అవ్వ రేకు పెట్టె తీసి ఆ కట్ట నా ముందు పెట్టేది, "సదువే పిల్లా" అని. పక్కన అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టేది, తలెత్తకుండా వినేది. ఆటకు పోయే తొందరలో నేనొక వాక్యం మింగేస్తే అవ్వ పట్టుకునేది. అక్షరమ్ముక్క రాని మనిషికి ఉత్తరాలన్నీ కంఠతా వచ్చు. "గాడ ఎండ ముచ్చట ఉంటది, ఇడిసిపెట్టినవ్" అనేది. మళ్లీ వెనక్కి పోయి చదివేదాన్ని.

ఈ రోజు చెట్టు కింద అదే జరిగింది. మేకపిల్ల కథ. నిన్నా మొన్నా కాదు, శుక్రవారం చదివిందే మళ్లీ చదవమన్నారు. ఆటోకు టైమవుతోందని రెండు పేజీలు కలిపి తిప్పాను. మూడో తరగతి పిల్ల ఒకతి నా చెయ్యి పట్టుకుంది. "టీచర్, కుక్కొచ్చేది ఇడిసిపెట్టినవ్." వేలు తడి చేసుకుని తనే పేజీ వెనక్కి తిప్పి, కుక్క బొమ్మ మీద పెట్టి, వేలు తీయలేదు. ఆటో పోయింది. తర్వాతి ఆటో ఆరింటికి.

మంచాల, 17 నవంబరు, ఆదివారం రాత్రి

బాపూ,

శుక్రవారం కార్తీక పౌర్ణమి. ఆరుట్ల బుగ్గ రామలింగేశ్వరుడి జాతరకు ఇంటావిడ నన్నూ తీసుకుపోయింది. జనం, కొబ్బరికాయలు, రంగుల గాజులు, దుమ్ము. మన దిక్కు జాతరలాగే ఉంది, వేరే రాయడానికేమీ లేదు.

బుగ్గ గురించి మాత్రం ఒక ముచ్చట. బుధవారం ఒక కథలో "అమ్మ పాప బుగ్గ నిమిరింది" అని చదివాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు లేచి, "టీచర్, బుగ్గను ఎట్ల నిముర్తరు? గాడ నీళ్లుంటయ్ గదా" అన్నాడు. వీళ్లకు బుగ్గ అంటే గుడి, ఊట, జాతర. ముఖం మీద ఉండేది చెంప. నేను బుగ్గ అంటే చెంప అని చెప్పి తేల్చేయబోయాను. అంతలో ఇంకొకతి, "ఏడిస్తే చెంప మీద సుత నీళ్లొస్తయ్, అందుకే బుగ్గ" అంది. ఆ పిల్లకు చదవడం చూసే తొలిమెట్టు పరీక్షలో పదాలు తప్పిపోతాయి. రిజిస్టరులో ఆమె పేరు పక్కన ఏమి రాయాలో నాకు ఇప్పటికీ తోచలేదు.

ఈ రోజు ఆబిడ్స్ పోయాను. ఆదివారం కదా, దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. యూనివర్సిటీలో ఉన్న ఏడాదీ ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు నడిచానో, ఒక్కసారి వంగి చూడలేదు. ఇవాళ రెండు గంటలు మోకాళ్ల మీద కూర్చున్నాను. పిల్లల కోసం పాత చందమామలు ఆరు దొరికాయి, బేరమాడి తెచ్చాను. నా కోసం గిజుభాయి 'పగటికల' తెచ్చాను.

ఈ గిజుభాయి బధేకా సంగతి నీకు నచ్చుతుంది. గుజరాతులో వకీలు. నీలాగే పొట్టకూటికి సముద్రం దాటి ఆఫ్రికా పోయి వచ్చినవాడు. కొడుకు పుట్టాక, వీడిని ఏ బడికి పంపాలి అని వెతకడం మొదలుపెట్టి, వకాల్తా వదిలి 1916లో భావనగర్‌లో దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడే బాలమందిరం పెట్టాడు. పగటికలలో ఒక కొత్త పంతులు నాలుగో తరగతి తీసుకుంటాడు. పుస్తకాల్లో చదివిన పద్ధతి ప్రకారం తొలిరోజు పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోమంటాడు. పిల్లలు గోల చేసి ఆయనను ఆట పట్టిస్తారు. మర్నాటి నుంచి కథలు మొదలుపెడతాడు, అప్పుడు కుదురుతుంది. మా కాలేజీలో ఆయన పేరు రెండు మార్కుల ప్రశ్న: పుట్టిన తేదీ, రాసిన పుస్తకం. నవంబరు 15 అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పుస్తకం మాత్రం ఎవరూ చేతికివ్వలేదు, నేనూ అడగలేదు. సరిగ్గా మొన్నటి పౌర్ణమే ఆయన పుట్టినరోజు, నేను జాతరలో గాజులు బేరమాడుతున్నాను.

ఆబిడ్స్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో నిలబడి చదివాను. తుర్కయంజాల్ దగ్గర సీటు దొరికింది. శేరిగూడ దాటింది తెలియలేదు, ఇబ్రహీంపట్నంలో కండక్టరమ్మ భుజం తట్టి దింపింది. ఇన్నేళ్ల తర్వాత ఒక పుస్తకంలో పడి స్టాపు మరిచిపోయాను. పరీక్షకు అక్కరకు రాని పని, కానీ నీకు చెప్పాలనిపించింది.

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు నెత్తిన మోసుకుని ఊరూరా అమ్మాడట. ఆరు చందమామలు, ఒక పుస్తకం మోయడానికే నా భుజం లాగింది.

మంచాల, 21 నవంబరు, గురువారం

బాపూ,

నిన్నటితో గ్రంథాలయ వారోత్సవాలు అయిపోయాయి. మా బడిలో బీరువాకు తాళం లేదిప్పుడు. గోడకు రెండు మేకులు కొట్టి ప్లాస్టిక్ తాడు కట్టాం, పుస్తకాలు బట్టలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. వారంలో రెండు చిరిగాయి. పెద్దసారు చూసి ఏమీ అనలేదు, సాయంత్రం తనే గమ్ము సీసా తెచ్చాడు.

రెండో తరగతిలో తండా పిలగాడు ఒకడున్నాడు. నేను వచ్చిన నాటి నుంచీ నోరు విప్పలేదు. పిలిస్తే లేస్తాడు, నిలబడతాడు, కూర్చుంటాడు. మందబుద్ధి అని ఎవరో అన్నారు, నేనూ ఒకటి రెండు రోజులు నమ్మాను. మంగళవారం బొమ్మల పుస్తకంలో రొట్టె కాలుస్తున్న తల్లి బొమ్మ చూపించి, "ఈమె ఎవరు?" అన్నాను. అందరూ "అమ్మ" అని అరిచారు. వాడు మెల్లగా, తన చొక్కా గుండీతో చెప్పుకున్నట్టు, "యాడి" అన్నాడు. ఎవరో నవ్వారు. నేను బోర్డు మీద అమ్మ అని రాసి, దాని కింద యాడి అని రాశాను. వాడు బోర్డు దగ్గరికి వచ్చాడు. "యా" మీద వేలు పెట్టాడు, "డి" మీద పెట్టాడు. మళ్లీ మొదటికి వచ్చి, ఈసారి వేలు ఆపకుండా లాగి, "యాడి!" అని గట్టిగా చదివాడు. రొట్టె కింద బాటి అని రాస్తే అదీ చదివాడు. లంబాడీ పిల్లలు ఇంట్లో మాట్లాడే గోర్ బోలికి సొంత లిపి లేదు. వాడి ఇంటి మాట బోర్డెక్కడం వాడు చూడటం అదే మొదలనుకుంటాను. తక్కిన పిల్లలంతా ఇంటికి పోయేటప్పుడు వాడి వెంటపడి, "నీళ్లనేమంటరు, మేకనేమంటరు" అని అడుగుతూ పోయారు. నవ్వినవాడు అందరికంటే ముందున్నాడు.

ఏటా ఆగస్టు 29న కాలేజీలో గిడుగు రామమూర్తి ఫొటోకు దండ వేస్తాం. వాడుక భాష గురించి ఉపన్యాసాలుంటాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన సవర భాష నేర్చుకున్నాడు, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశాడు, సొంత పైసలతో బడి నడిపాడు, 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఈ సవర మాట మాత్రం ఉపన్యాసంలో రెండు ముక్కల్లో దాటిపోతుంది. నా లెక్కలో ఆయన చేసిన పెద్ద పని అదే.

నువ్వొక పని చేయాలి బాపూ. అటక మీద అవ్వ రేకు పెట్టె పక్కన అట్టపెట్టె ఒకటుంది. నా చిన్నప్పటి కథల పుస్తకాలు, నువ్వు వరంగల్ నుంచి తెచ్చిన బొమ్మల రామాయణం, నేను పేరు రాసుకున్న వాచకాలు అందులో ఉన్నాయి. తునికాకు వాసన పట్టి ఉంటాయి, ఫరవాలేదు. అట్టలు ఊడినవి, చెదలు తిన్నవి ఏరి పక్కన పెట్టకు, అన్నీ పంపు. బస్టాండులో ఆర్టీసీ కార్గోకు ఇచ్చి ఇబ్రహీంపట్నం అని రాయిస్తే చాలు, ఆదివారం పోయి తెచ్చుకుంటాను. నీ దుబాయి ఉత్తరాల కట్ట మాత్రం అందులో వేయకు. సంక్రాంతికి వచ్చి నేనే చదువుతాను, అమ్మను చాట ముందేసుకుని కూర్చోమను.

నీ బిడ్డ