చలిగాలికి తలుపు

మన్యపు చలి ఎట్లుంటుందో మైదానపు పాఠకులకు చెబితే నమ్మకం కలగదేమో! అల్లూరి సీతారామరాజు జిల్లాలో, మేముండే చింతపల్లి ప్రాంతాన, డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని రాత్రులు 5 డిగ్రీలకు దిగువకు కూడ పోతుంది. మా గోడలు మందమైనవే. గాలి వచ్చేది తలుపుల సందులలో నుండి. ఇంట్లో దగ్గుతో బాధపడే అత్తగారు, ఎనిమిది నెలల పాప ఉన్నారు గనుక నవంబరులోనే ఈ పనికి పూనుకొన్నాము.

సందు ఎక్కడుందో కంటికి కనబడదు. గాలి వీచే రాత్రి తలుపు మూసి, కొవ్వొత్తి వెలిగించి అంచుల వెంట నెమ్మదిగా త్రిప్పాము. (గుడ్డలు, కాగితాలు దూరంగా పెట్టుకోవాలి.) మంట ఎక్కడ వంగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టాము. అడుగునా, రెండు రెక్కలు కలిసే చోటా ఎక్కువ గుర్తులు పడినవి.

వర్షాకాలంలో ఉబ్బి తలుపు పట్టేస్తే చాలామంది వెంటనే చిత్రిక పట్టిస్తారు. "అప్పుడు పట్టించకండమ్మా, చలికాలానికి కర్ర ఎండి వేలెడు సందు అవుతుంది" అన్నాడు మా వడ్రంగి. అతడు ముందు బందుల మరలు బిగించాడు. వదులైన రంధ్రాలలో పుల్లముక్కలు దూర్చి మరల బిగించాడు. వాలిన రెక్క దానితోనే సగం సరిపడింది. రెక్కలు కలిసే చోట ఒకదానికి బద్ద కొట్టాడు. అడుగుకు మాత్రం మేమే పంక్చరు షాపు నుండి పాత లారీ ట్యూబు తెచ్చి, నాలుగు వేళ్ల వెడల్పున కోసి, లోపలివైపు సన్నని బద్ద పెట్టి మేకులు కొట్టాము. రబ్బరు నేలను తాకీ తాకనట్టు ఉండాలి. ఎక్కువ దించితే తలుపు ఈడ్చుకొని వస్తుంది. ద్వారబంధం అంచులకు పాత కంబళి పీలికలు బంకతో అంటించాము. గాలితోపాటు తేళ్లు, జెర్రులు రావడం కూడ తగ్గింది!

ఇక కష్టమంతా కుంపటి దగ్గర వచ్చింది. అత్తగారికి మంచం ప్రక్కన కుంపటి లేనిదే నిద్ర పట్టదు. సందులున్నంత కాలం ఆ గాలే కొంత కాపాడిందేమో. అయినా అది నమ్మదగిన కాపుదల కాదు. తలుపు బిగిసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిలిచిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు కలుగుతాయి. నిద్రలో ఉన్నవారికి అవి కూడ తెలియవు, ప్రాణమే పోవచ్చును. పొగ రావడం లేదు గదా అని నిప్పులను నమ్మరాదు. ఎవరికైనా ఆ లక్షణాలు కనబడితే వెంటనే బయటి గాలిలోకి తీసుకొని వెళ్లి, ఆసుపత్రికి చేర్చాలి.

"చలికని తలుపు బిగించి, వెచ్చదనాన్ని బయట పెడతారా?" అని అత్తగారు రెండు రోజులు మాతో సరిగా మాటలాడలేదు. పెద్దావిడను నొప్పించడం మాకూ బాధే. అయినా ఈ ఒక్క విషయంలో మేము తగ్గలేదు. ఇప్పుడు కుంపటి సాయంత్రం వరండాలో ఉంటుంది. ఆమె అక్కడే చేతులు కాచుకొని, పాపను ఒడిలో వేసుకొని, వచ్చేపోయేవారితో మాటలాడి, ఎనిమిదింటికి లోపలికి వచ్చి రెండు రగ్గులు కప్పుకొంటారు.

వంటగది తలుపు జోలికి మేము పోలేదు. కట్టెల పొయ్యి ఉన్న గదికి గాలి ఆడాలి గనుక దాని సందులు అట్లే ఉంచాము.