బల్ల మీద బుల్లి సైన్యం

బొమ్మల కొలువు పెట్టే మనకి ఈ ఆట ఇట్టే అర్థమవుతుంది. అంగుళం, అంగుళంన్నర ఎత్తు సైనికుల బొమ్మలు కొని, ముక్కలు అతికించి, రంగులు వేసుకోవాలి. బల్ల మీద గుట్టలు, ఇళ్ళు అమర్చి, టేపుతో కొలిచి బొమ్మల్ని జరుపుతూ, పాచికలు వేసి యుద్ధం తేల్చుకోవాలి. అంతే!

ఈ సరదా ఎలా అంటుకుంటుందంటారా? చాలామందికి పక్కవాళ్ళ నుంచే. ఇంగ్లీషు రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అని దీనిమీద ఏకంగా పుస్తకం రాశారు. ఆయనకూ అంతే. భోజనాలయ్యాక ఓ మిత్రుడు బొమ్మ ఫిరంగితో బొమ్మ సైనికుణ్ణి గురిచూసి కొట్టాడట!

మేం ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వెళ్ళిన కొత్తలో మావాడికి తొమ్మిదేళ్ళు. బళ్ళో ఒక్క స్నేహితుడూ లేడు. ఇంటికి రాగానే గదిలో దూరేవాడు. నాకేమో గుండెల్లో గుబులు. 1983లో మొదలైన వార్‌హామర్ ఆటని తయారుచేసే కంపెనీ ఆ ఊళ్ళోనే ఉంది. పక్కింటి కుర్రాడు రెండు బొమ్మలిచ్చి, "రంగులేసుకుని శనివారం మా ఇంటికి రా" అన్నాడు.

కుంచె పట్టడం నేనే నేర్పాను. రంగుని కాస్త నీళ్ళతో పల్చన చేసి రెండు పూతలు వెయ్యాలి. ఆరాక బాగా పల్చటి నల్లరంగు పూస్తే బట్టల మడతలు చక్కగా తేలతాయి. మీ కొలువు బొమ్మలకీ పనికొస్తుంది సుమండీ!

ఎదురుగా ఇంకో మనిషి కూర్చుంటేనే ఈ ఆటకి రక్తి. ఆ శనివారం మావాడు చిత్తుగా ఓడిపోయాడు. "అమ్మా, వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారే!" అంటూ గంతులేస్తూ వచ్చాడు. అంతకంటే గెలుపేం కావాలి, చెప్పండి?