ఎలుకా - బంతీ

మా యింట్లో కంప్యూటరు ముందు యిప్పుడు ఎలుక లేదు, బంతి వుంది. వినాయకుడి వాహనాన్ని వెళ్లగొట్టావేమిరా అని మిత్రులు వేళాకోళం చేస్తుంటారు. చెయ్యనివ్వండి. మణికట్టు నొప్పి నాది గాని వాళ్లది కాదు గదా!

పగలల్లా నల్లబల్లమీద రాసి, రాత్రిళ్లు పాఠాల నోట్సు తయారుచేసుకుంటూ మౌసును అటూ యిటూ ఈడ్చే చెయ్యి యిది. సుద్దముక్క పట్టుకుంటే చాలు, మోచేతిదాకా జివ్వుమని లాగేది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి నోటి తరవాత చెయ్యే ఆస్తి. అందుచేత ట్రాక్‌బాల్ కొన్నాను.

దీన్ని వెల్లకిలా పడుకున్న మౌసు అంటారు. నన్నడిగితే, పొట్టకింద బంతి పెట్టుకు తిరిగిన పాతకాలపు మౌసే బోర్లాపడ్డ ట్రాక్‌బాల్! ఎందుకంటే వయసులో బంతే అన్నగారు. రాల్ఫ్ బెంజమిన్ బ్రిటిష్ నౌకాదళం కోసం 1946లోనే దీన్ని కనిపెట్టాడు. 1952 నాటి కెనడా నౌకాదళం యంత్రంలోనైతే ఏకంగా బౌలింగ్ ఆటబంతినే బిగించారు. ఎంగెల్‌బార్ట్ తన మౌసును పదిమంది ముందూ ప్రదర్శించింది 1968 డిసెంబరులో.

బంతిని బొటనవేలితో తిప్పే రకం ఒకటుంది. మణికట్టు భారం బొటనవేలికి బదిలీ చెయ్యడం నాకు యిష్టంలేక, నడిమధ్య బంతి వున్నదాన్ని తెచ్చాను. నిమ్మకాయకి ఎక్కువ, బత్తాయికి తక్కువ. పెట్టె కదలదు, చెయ్యీ కదలదు. వేళ్లతో దొర్లిస్తే తెరమీద బాణం గుర్తు పరుగెత్తుతుంది. మొదటి వారం మాత్రం ఒకచోట ఆగమంటే యింకోచోట ఆగేది. "యిది ఆటబొమ్మా నాన్నా?" అని మావాడు తన మౌసు తాను విడిగా దాచుకున్నాడు.

మరో సంగతి. బంతిని మోసే గుళ్లకు మురికి పట్టి, బాణం నత్తనడక నడుస్తుంది. అప్పుడప్పుడు బంతిని బయటికి తీసి తుడవాలి. "దేవుడి మందిరం దులపమంటే తీరిక లేదు గాని, ఈ సాలగ్రామానికి అభిషేకాలు చేస్తున్నారేమండీ!" అంటుంది మా ఆవిడ.

నొప్పి మంత్రించినట్టు మాయమైందని చెప్పను. సగానికి సగం తగ్గింది. అసలు లాభం పొందింది మా అమ్మ. ఆవిడకు డెబ్భైయెనిమిదేళ్లు, చేతులు వణుకుతాయి. అచ్చుపుస్తకంలో అక్షరాలు ఆనక, కంప్యూటరులో భాగవతం పెద్ద అక్షరాలతో చదువుకుంటుంది. మౌసుతో బాణాన్ని సరిగా నిలిపేది పాపం, మీట నొక్కేలోగా చెయ్యి వణికి అది కాస్తా పక్కకి జారిపోయేది. పేజీ పేజీకీ నన్ను కేకెయ్యాల్సి వచ్చేది. కొన్నాళ్లకి పిలవడం మానేసి, చదవడమే మానేసింది.

బంతి అలా కాదు. బాణాన్ని కావలసినచోట నిలిపి, బంతిమీదనుంచి చెయ్యి తీసేస్తే అది అక్కడే వుంటుంది. తరవాత నింపాదిగా రెండో చేత్తో మీట నొక్కవచ్చు. యిది చూపించిన మూడోనాటికి, "నువ్వెళ్లి నీ పని చూసుకో నాయనా" అంది.

పని చూసుకుందామంటే రాత్రి తొమ్మిది దాటితేగాని కంప్యూటరు నా వంతుకు రావడంలేదు.